నాన్నగారి 70వ పుట్టినరోజుకి చిన్న డిజిటల్ కెమెరా: ఏది కొనమంటారు?

సూర్యలంక_గాలి
శనివారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో మా నాన్నగారికి 70 నిండుతాయి. హైస్కూల్లో తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. అమ్మా ఆయనా బాపట్ల దగ్గర మా ఊళ్లోనే ఉంటారు, నేను హైదరాబాదులో ఉంటాను. ఆయనకి ఫోటోల పిచ్చి ఎప్పటినుంచో ఉంది. మా చిన్నప్పుడు ఇంట్లో యాషికా ఎంఎఫ్-2 ఉండేది. 36 ఫోటోల రీలు వేశారంటే అది సంక్రాంతికి మొదలై ఉగాదికి గానీ పూర్తయ్యేది కాదు, అంత పొదుపు! కడిగించి తెచ్చాక ప్రతి ఫోటో వెనకా తేదీ, అందులో ఉన్నవాళ్ల పేర్లు రాసి ఆల్బమ్‌లో పెట్టేవారు.

ఇప్పుడు తమ్ముడు కొనిచ్చిన స్మార్ట్‌ఫోన్ ఉంది. కానీ దానితో ఫోటో తీయడమంటే ఆయనకి విసుగు. వేలు ఎక్కడో తగిలి వీడియో మొదలవుతుంది, లేదా కెమెరా తిరిగి ఆయన ముఖమే కనిపిస్తుంది. ఎలాగో తీసినా ఆ ఫోటో శుభోదయం బొమ్మల గుట్టలో కలిసిపోతుంది. చేతులు కొంచెం వణుకుతాయి కూడా.

అందుకని ఒక సింపుల్ కెమెరా ఇద్దామని. ఆన్ చేస్తే ఫోటో తీయాలి, అంతే. బడ్జెట్ 25 వేలు. ఏది మంచిది?

క్లిక్_రాజా
శనివారం, ఉదయం 10:40

సూర్యలంక_గాలి గారూ, నిష్ఠూరంగా అనిపించినా చెప్తాను. ఆ బడ్జెట్‌లో కాంపాక్ట్ కెమెరా కొనడం దండగ. ఆ చిన్న కెమెరాల్లో ఉండే 1/2.3 అంగుళాల సెన్సర్ (వెలుతురుని ఫోటోగా పట్టే చిప్) అంటే సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్లు. ఈరోజు మధ్యరకం ఫోన్లలో కూడా మెయిన్ కెమెరా సెన్సర్ అంతకంటే పెద్దది. రాత్రిపూట తీసి పక్కపక్కన పెట్టి చూస్తే ఫోనే గెలుస్తుంది.

కంపెనీలు కూడా వీటిని దాదాపు వదిలేశాయి. 2010లో జపాన్ కంపెనీలు లెన్స్ ఊడదీయలేని చిన్న కెమెరాలు 10 కోట్లకు పైగా పంపాయి. 2023కి ఆ లెక్క 20 లక్షల లోపుకి పడిపోయింది. అదే డబ్బుతో మంచి ఫోన్ కొనండి.

చింతచిగురు
శనివారం, ఉదయం 11:05

రాజా గారూ, ఆవిడ ఫోన్ వద్దు మొర్రో అంటుంటే మీరు ఇంకో ఫోన్ కొనమంటున్నారు. 😄 ఆయన ఇబ్బంది ఫోటో నాణ్యత గురించి కాదు కదా. టచ్ స్క్రీన్ గురించి. 70 ఏళ్ల వేళ్లు పొడిబారి ఉంటాయి, స్క్రీన్ ఒకసారి స్పందిస్తుంది, ఒకసారి స్పందించదు. మా అమ్మతో రోజూ ఇదే గొడవ. నొక్కితే లోపలికి దిగే బటన్ ఉంటే నొక్కామో లేదో వేలికే తెలిసిపోతుంది.

సూర్యలంక_గాలి గారూ, మోడల్ పేర్లలోకి వెళ్లే ముందు ఒకటి చెప్పండి. నాన్నగారు ఫోటో తీశాక అది ఎక్కడికి వెళ్లాలి? వాట్సాప్‌లో మీకు రావాలా, టీవీలో చూసుకుంటారా, ప్రింట్లు వేయించుకుంటారా? ఇంట్లో కంప్యూటర్ ఉందా? వాడటం వచ్చా? చాలామంది ఈ సంగతి ఆలోచించకుండా కెమెరా కొనిస్తారు. నెల తర్వాత అది కార్డు నిండా ఫోటోలతో బీరువాలో ఉంటుంది.

డాలస్_బాబాయ్
శనివారం, మధ్యాహ్నం 12:31

అమ్మా, పుట్టినరోజు కానుక అంటున్నారు కాబట్టి కొంచెం ఎక్కువ పెట్టి మంచిదే కొనండి. సోనీ జడ్‌వీ-1ఎఫ్ గానీ, కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 3 గానీ చూడండి. రెండింటిలోనూ ఒక అంగుళం సెన్సర్, అంటే 13.2 × 8.8 మిల్లీమీటర్లు. రాజా గారు చెప్పిన చిన్న సెన్సర్‌కి నాలుగింతల వైశాల్యం. ఇక్కడినుంచి ఎవరైనా వస్తుంటే పంపించొచ్చు.

ఇంకో మాట. కెనాన్ వాళ్లు 2016 నాటి ఇక్సస్ 285 హెచ్ఎస్‌ని 2025లో పేరు చివర ఒక 'ఏ' తగిలించి మళ్లీ దింపారు. అమెరికాలో దాని పేరు ఎల్ఫ్ 360 హెచ్ఎస్ ఏ. అప్పట్లో 210 డాలర్లకు వచ్చింది, 2025లో దింపినప్పుడు 380. తొమ్మిదేళ్ల పాత సరుక్కి రేటు పెరగడం నేను ఇదే చూడటం!

కోఠి_కెమెరా
శనివారం, మధ్యాహ్నం 2:20

నేను కోఠి గుజరాతీ గల్లీలో పాత కెమెరాల రిపేరు పని చేస్తాను. బాబాయ్ చెప్పినవాటి దగ్గర నుంచే వస్తాను.

జడ్‌వీ-1ఎఫ్ వీడియోలు తీసుకునే పిల్లల కోసం చేసింది. దానికి జూమ్ కదిలే లెన్స్ లేదు, ఫ్లాష్ లేదు, వణుకు ఆపే ఆప్టికల్ స్టెబిలైజేషన్ లేదు. ఇంట్లో సాయంత్రం పూట మనవడి ఫోటో తీసే పెద్దాయనకి ఆ మూడూ కావాలి. జీ7ఎక్స్ మంచి కెమెరానే, కానీ అది అక్క బడ్జెట్‌కి అందదు. పైగా అమెరికాలో కొన్నదానికి ఇక్కడ వారంటీ వస్తుందో లేదో కంపెనీనే అడిగి తెలుసుకోవాలి. రిపేరు కోసం నా దగ్గరికొచ్చే ఖరీదైన కెమెరాల్లో బయటనుంచి తెచ్చినవి చాలానే ఉంటాయి.

285 హెచ్ఎస్ ఏ సంగతి: పాత 285లో మామూలు ఎస్‌డీ కార్డు పెట్టేవాళ్లం. కొత్తదాంట్లో మైక్రో ఎస్‌డీ. గోరంత కార్డు. చేతులు వణికే పెద్దాయన దాన్ని తీసి స్టూడియోకి తీసుకెళ్లాలంటే దారిలోనే ఎక్కడో పడిపోతుంది. మా గల్లీలో నేలమీద పడితే నాకే దొరకదు.

ఇక సెకండ్‌హ్యాండ్‌లో ఎక్కువ కనిపించే ఇక్సస్‌లు 185, 190. రెండూ 2017వి, పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి. 185లో 8 రెట్ల జూమ్ ఉంటుంది, ఆప్టికల్ స్టెబిలైజేషన్ ఉండదు. 190లో 10 రెట్లు, స్టెబిలైజేషన్, వై-ఫై ఉంటాయి. కొంచెం తక్కువకి వస్తుందని 185 తీసుకుంటే చేయి వణికినప్పుడల్లా ఫోటో మసకే. సోనీ డబ్ల్యూ830లో కూడా స్టెబిలైజేషన్ ఉంది, కాకపోతే అది 2014 మోడల్, బ్యాటరీలు నీరసించి ఉంటాయి. కొడాక్ ఎఫ్‌జెడ్45 గురించి ఎవరో ఒకరు చెప్తారు కాబట్టి నేనే ముందు చెప్తున్నా: పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది, వాడటం తేలిక, కానీ అందులోనూ ఆప్టికల్ స్టెబిలైజేషన్ లేదు.

ఇది అన్నిటికంటే ముఖ్యం. ఆన్‌లైన్‌లో 5, 6 వేలకి '4కే, 64 మెగాపిక్సెల్, 16ఎక్స్ జూమ్' అని ఊరూ పేరూ లేని కంపెనీల కెమెరాలు కనిపిస్తాయి. వాటి జోలికి వెళ్లకండి. లోపల ఉండేది చవక ఫోన్ సెన్సర్. దానిలో వచ్చిన చిన్న ఫోటోని సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి 64 అని రాస్తారు. జూమ్ బటన్ నొక్కినప్పుడు లెన్స్ ముందుకి కదలకపోతే అది జూమ్ కాదు, ఉన్న ఫోటోని కత్తిరించి పెద్దది చేయడమే.

డిజిక్యామ్_డ్యూడ్
శనివారం, మధ్యాహ్నం 2:48

అన్నా కోఠిలో సీసీడీ కెమెరాలు (పాత రకం సెన్సర్‌వి) ఏం రేటు?? ఆ పాతకాలం ఫ్లాష్ లుక్ కావాలి. కాలేజ్ ఫెస్ట్ ఉంది

కోఠి_కెమెరా
శనివారం, మధ్యాహ్నం 3:02

తమ్ముడూ, మీలాంటి వాళ్ల వల్లే రేట్లు పెరిగాయి. మూడేళ్ల కింద తూకానికి అమ్మినవి ఇప్పుడు అద్దాల అలమరలో పెట్టి అమ్ముతున్నారు. విడిగా పోస్టు పెట్టు, చెప్తా.

సూర్యలంక_గాలి
శనివారం, రాత్రి 8:15

ఇంతమంది జవాబిచ్చినందుకు చాలా థ్యాంక్స్. చింతచిగురు గారి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేక అమ్మకి ఫోన్ చేసి కూపీ లాగాను. నాన్నకి తెలియకుండా. 🙂

ఇంట్లో కంప్యూటర్ లేదు. టీవీ ఉంది, పాత ఎల్‌ఈడీ, వెనక యూఎస్‌బీ పెట్టే చోటు ఉంది. నాన్నకి కావలసింది ప్రింట్లే. ఫోన్ వచ్చాక ఇంట్లో ఆల్బమ్ ముందుకు కదల్లేదట. 'మనవడి ఫోటో ఒక్కటి కూడా చేతికి అందేది లేదు' అని అమ్మ దగ్గర అంటుంటారట. ఆయన తీసేవి కూడా పెద్దవేమీ కావు: మనవడు, పెరట్లో పూసిన పూలు, ఊళ్లో శ్రీరామనవమి, ఇంటికి వచ్చిన పాత శిష్యులు. శిష్యులు వస్తే గుమ్మం దగ్గర నిలబెట్టి ఒక ఫోటో తీయడం అలవాటు. యాషికా పాడయ్యాక అదీ ఆగిపోయింది.

బాపట్లలో స్టూడియోలు ఉన్నాయి. నాన్న వారానికోసారి పనుల మీద వెళ్తుంటారు.

తెనాలి_స్టూడియో
శనివారం, రాత్రి 9:30

అమ్మా, ఇది చదివాక రాయకుండా ఉండలేకపోయాను. తెనాలిలో మాది స్టూడియో. రీలు కడిగే రోజుల నుంచి ఇదే పని.

ప్రింట్లే కావాలంటే ఇక మెగాపిక్సెళ్ల గురించి దిగులు వదిలేయండి. 4 × 6 అంగుళాల ఫోటోని అంగుళానికి 300 చుక్కల లెక్కన నిండుగా వేయాలంటే 1800 × 1200, అంటే 22 లక్షల పిక్సెల్స్ చాలు. రెండు మెగాపిక్సెళ్ల చిల్లర! 8 మెగాపిక్సెళ్ల పాత కెమెరాతో తీసినా 8 × 10 సైజు దాకా హాయిగా వేసుకోవచ్చు. రాజా గారు అన్నట్టు ఫోన్ సెన్సర్ పెద్దదే కావచ్చు, 4 × 6 కాగితం మీద ఆ తేడా పట్టుకోవడం నాకే కష్టం.

ఫ్లాష్ గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఫోన్‌లో ఉండేది ఎల్‌ఈడీ దీపం, అది కాసేపు వెలిగే టార్చ్ లాంటిది. చిన్న కెమెరాల్లో ఉండేది జీనాన్ ఫ్లాష్. సెకనులో వెయ్యో వంతు, అంతకన్నా తక్కువ సమయంలో పేలిపోతుంది. పరుగెత్తే పిల్లాడు అక్కడికక్కడ ఆగిపోయినట్టు పడతాడు, తీసేవాళ్ల చేయి వణికినా పెద్దగా తెలియదు. మూడు మీటర్ల లోపు మాత్రమే సుమా. కల్యాణ మండపంలో చివరి వరసలో నిలబడి ఫ్లాష్ కొడితే ముందువాళ్ల తలలే తెల్లగా వస్తాయి.

ఇంకో సంగతి. యాషికా వాడిన చేయి కెమెరాని కంటి దగ్గర పెట్టుకుంటుంది. ఇప్పటి కాంపాక్ట్‌లు చాలావరకు చేయి చాచి వెనక స్క్రీన్ చూస్తూ తీయాలి. చాచిన చేయి ఇంకా వణుకుతుంది. ఎండలో ఆ స్క్రీన్ కనిపించదు కూడా. కంటికి ఆనించుకుంటే రెండు మోచేతులూ ఒంటికి ఆనతాయి, నుదురు కూడా ఆసరా అవుతుంది. అందుకే నా సలహా వేరు: వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ) ఉన్న పాత కెమెరా వెతకండి. 2008లో వచ్చిన కెనాన్ ఏ590 ఐఎస్ ఒకటి ఉంది. 8 మెగాపిక్సెళ్లు, 4 రెట్ల జూమ్, ఆప్టికల్ స్టెబిలైజేషన్, కంటితో చూసే చిన్న కిటికీ, రెండు పెన్సిల్ సెల్స్, మామూలు ఎస్‌డీ కార్డు. యాషికాలోనూ పెన్సిల్ సెల్సే కదా, మాస్టారికి కొత్తగా నేర్పాల్సిన పని ఉండదు.

క్లిక్_రాజా
శనివారం, రాత్రి 9:52

70 ఏళ్ల పండక్కి కన్నతండ్రికి సెకండ్‌హ్యాండ్ సరుకు కానుకగానా?! నలుగురూ ఏమనుకుంటారు?

ప్రింటే కావాలంటే ఫ్యూజీఫిల్మ్ ఇన్‌స్టాక్స్ మినీ 12 ఉంది కదా. కొత్తది, డబ్బాలో వస్తుంది, నొక్కగానే ఫోటో బయటికి వస్తుంది. స్టూడియోతో పనే లేదు.

చింతచిగురు
శనివారం, రాత్రి 10:10

ఇన్‌స్టాక్స్ మా ఇంట్లో ఉంది. సరదాగా ఉంటుంది, కాదనను. కానీ ఫోటో వచ్చేది 62 × 46 మిల్లీమీటర్లు, ఏటీఎం కార్డంత కూడా ఉండదు. అందులో ఐదుగురు శిష్యుల్ని నిలబెడితే ఎవరు ఎవరో పోల్చుకోవడానికి భూతద్దం కావాలి. ఫిల్మ్ ప్యాకెట్‌కి 10 ఫోటోలే. బాగా రాకపోయినా ఆ డబ్బు పోయినట్టే, ఇంకో కాపీ కావాలన్నా ఉండదు. శిష్యుడికి ఒకటి ఇచ్చి తనొకటి ఉంచుకోవాలంటే రెండు తీయాలి.

సెకండ్‌హ్యాండ్ గురించి మాత్రం నాకూ కొంచెం సందేహమే. మాస్టారు ఏమనుకుంటారో కాదు, పాడైతే ఏం చేయాలని.

కోఠి_కెమెరా
ఆదివారం, ఉదయం 9:20

పాడైతే ఏమవుతుందో నేను చెప్తా, అదే నా బువ్వ. ఈ చిన్న కెమెరాల్లో నూటికి ఎనభై పాడయ్యేది లెన్స్ బయటికి వచ్చే గొట్టం. ఆన్ చేసి కింద పడేసినా, ప్యాంటు జేబులో పొరపాటున ఆన్ అయినా, ఇసుక రేణువు దూరినా లెన్స్ సగంలో ఇరుక్కుంటుంది, స్క్రీన్ మీద 'లెన్స్ ఎర్రర్' అని వస్తుంది. అక్క ఐడీలోనే సూర్యలంక ఉంది! బీచ్‌కి మాత్రం కెమెరా తీసుకెళ్లొద్దని మాస్టారికి గట్టిగా చెప్పండి. ఇసుక దూరిన లెన్స్‌ని బాగుచేసే ఖర్చుకి ఇంకో పాత కెమెరా వస్తుంది. సముద్రం దగ్గర ఊరు కాబట్టి వాడనప్పుడు సెల్స్ తీసేసి, సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో పెట్టాలి. లేకపోతే లెన్స్ లోపల బూజు పడుతుంది, సెల్స్ కారి స్ప్రింగులు పచ్చగా తుప్పు పడతాయి.

పాతది కొనేటప్పుడు షాపువాడి సెల్స్ కాకుండా మీ సెల్స్ వేసి చూడండి. జూమ్ చివరిదాకా తీసుకెళ్లి వెనక్కి తెండి, గరగరమని చప్పుడొస్తే వదిలేయండి. తెల్ల గోడని ఒక ఫోటో తీసి మచ్చలున్నాయేమో చూడండి. ఫ్లాష్ వరసగా నాలుగైదు సార్లు వెలిగించండి. సెల్స్ మూత దగ్గర ప్లాస్టిక్ కొక్కెం విరిగిందేమో తప్పకుండా చూడండి. ఏ-సిరీస్‌లో అది విరిగితే రబ్బరు బ్యాండు వేసి వాడుకోవాలి. ఆన్ చేసినప్పుడల్లా తేదీ అడుగుతుంటే భయపడకండి, లోపలి నాణెం సెల్ అయిపోయిందని అర్థం. అది మార్చుకోవచ్చు.

కొత్తదే కావాలనుకుంటే కెనాన్ ఎస్ఎక్స్740 హెచ్ఎస్ చూడొచ్చు. 2018 మోడల్, 40 రెట్ల జూమ్, స్టెబిలైజేషన్ ఉంది, చేతికి నిండుగా ఆనుతుంది. పైన తిప్పే చక్రం ఉంటుంది, ఆటోలో పెట్టి ప్లాస్టర్ ముక్క అంటించేస్తే కదలదు. కానీ వ్యూఫైండర్ లేదు. ధర మీ బడ్జెట్‌ దాటొచ్చు.

డాలస్_బాబాయ్
ఆదివారం, ఉదయం 10:05

ప్లాస్టర్ ఐడియా బాగుంది. మా మామగారి టీవీ రిమోట్‌కి నేను చేసిందీ అదే. నాలుగు బటన్లు వదిలి మిగతా అంతా టేపు.

కోఠి గారూ, పానసోనిక్‌లో వ్యూఫైండర్ ఉన్న చిన్నది ఉండాలి కదా?

కోఠి_కెమెరా
ఆదివారం, ఉదయం 10:31

టీజెడ్95లో ఉండేది బాబాయ్, ఎలక్ట్రానిక్‌ది. తర్వాత 2025లో వచ్చిన టీజెడ్99లో తీసేశారు. ఛార్జింగ్‌కి టైప్-సి ఇచ్చి వ్యూఫైండర్ పీకేశారు. టీజెడ్95 మంచి స్థితిలో దొరికితే అదృష్టమే, నా చేతికి మాత్రం అరుదుగా వస్తుంది.

తెనాలి_స్టూడియో
ఆదివారం, ఉదయం 11:15

రాజా గారూ, మీ మాటకి కోపం రాలేదు. కానీ ఒకటి అడుగుతాను. ఈ రోజు షాపులో కొత్త డబ్బాలో దొరికేవాటిలో మాస్టారు కంటికి ఆనించుకుని తీయగలిగేది ఈ బడ్జెట్‌లో ఏది? ఉంటే చెప్పండి, నేనే కొంటాను. నలుగురూ ఏమనుకుంటారన్నది సరే, నలుగురూ వచ్చి ఫోటో తీయించుకునేది ఆ కెమెరాతోనేగా.

అమ్మా, మీరు మాత్రం డబ్బు పెట్టేముందు ఒక పని చేయండి. చుట్టాల్లో ఎవరింట్లోనైనా 2005, 2010 మధ్య కొన్న కెమెరా తప్పకుండా పడి ఉంటుంది. ఏదైనా సరే, తెచ్చి నాన్నగారి చేతికి ఇచ్చి ఊరుకోండి. ఎలా పట్టుకుంటారో, ఏ బటన్ దగ్గర తడబడతారో చూస్తే మీకే తెలిసిపోతుంది. మేం ఇక్కడ ఎంత వాదించుకున్నా మాస్టారి వేళ్లు ఎలా ఉంటాయో మాకు తెలియదు కదా.

మోడరేటర్
ఆదివారం, సాయంత్రం 5:00

డిజిక్యామ్ ధరల ప్రశ్నలు పాత కెమెరాల విభాగానికి మార్చాం. ఇక్కడ కానుక గురించే మాట్లాడండి.

సూర్యలంక_గాలి
తర్వాతి శనివారం, రాత్రి 9:05

తెనాలి గారు చెప్పినట్టే చేశాను. చీరాలలో మా పిన్ని వాళ్లింట్లో ఒక పాత కెనాన్ దొరికింది. నమ్మరు, అది ఏ570 ఐఎస్, మీరు చెప్పిన 590కి అన్నయ్య వరస. ఇవాళ ఊరికి వెళ్తూ పట్టుకెళ్లి 'పిన్ని వాళ్లది, పని చేస్తుందో లేదో చూడండి నాన్నా' అని ఇచ్చాను.

ముందు కళ్లద్దాలు సవరించుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. చెప్పకుండానే కంటి దగ్గర పెట్టుకున్నారు. స్క్రీన్ వైపు చూడనైనా లేదు. అమ్మని తులసికోట దగ్గర నిలబెట్టి నాలుగు తీశారు. ఒక్కటి కదిలింది, మూడు బాగా వచ్చాయి. తడబడింది రెండు చోట్ల. తీసిన ఫోటో చూసే మీట ఎక్కడుందో తెలియలేదు. ఇంకా, వ్యూఫైండర్‌లో కనిపించినంతే ఫోటోలో పడదు, అంచుల్లో ఎక్కువ వస్తుంది. 'యాషికాలోనూ అంతేగా' అని తేలిగ్గా తీసిపారేశారు.

ఇబ్బంది సెల్స్‌తో వచ్చింది. ఊళ్లో కిరాణా షాపులో కొన్న సెల్స్ వేస్తే సాయంత్రానికే అయిపోయాయి. పదో పన్నెండో ఫోటోలు తీశారంతే. ఇదేమైనా కెమెరా లోపమా? తేదీ ఫోటో మీద ఎలా పడాలో కూడా దొరకలేదు, నాన్న అదే పనిగా అడుగుతున్నారు.

చింతచిగురు
తర్వాతి శనివారం, రాత్రి 9:22

కెమెరాది కాదు, సెల్స్‌ది. గోడ గడియారానికి వేసే మామూలు సెల్స్ కెమెరా లాగే కరెంటుకి తట్టుకోలేవు. ఫ్లాష్ ఒకటి ఛార్జ్ అయ్యేసరికే నీరసపడిపోతాయి. ఆల్కలైన్ కొంత నయం. సరైనవి రీఛార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్. 1.2 వోల్టులే ఉన్నా చివరిదాకా ఒకే ఊపుతో ఇస్తాయి. పానసోనిక్ ఎనెలూప్ లాంటి రకం తీసుకుంటే నెలల తరబడి పక్కన పెట్టినా ఛార్జ్ నిలుస్తుంది. నాలుగు సెల్స్, ఒక ఛార్జర్ కొనండి. రెండు కెమెరాలో, రెండు డబ్బాలో.

కోఠి_కెమెరా
తర్వాతి శనివారం, రాత్రి 9:40

తేదీ సంగతి నాది. ఆ సిరీస్‌లో ఫోటో సైజుల్లో పోస్ట్‌కార్డ్ అని ఒకటి ఉంటుంది, 1600 × 1200. తేదీ ముద్ర పడేది ఆ సైజులోనే. మిగతా సైజుల్లో ఆ ఎంపిక కనిపించదు, అందుకే దొరకలేదు. తెనాలి అన్న లెక్క ప్రకారం 4 × 6 ప్రింటుకి అది దాదాపు సరిపోతుంది. కాకపోతే రేపు ఏదైనా ఫోటో పెద్దది చేయించాలంటే కష్టం, ఆ తేదీని చెరపడమూ కుదరదు.

తెనాలి_స్టూడియో
తర్వాతి శనివారం, రాత్రి 10:02

ఫోటో పెద్ద సైజులోనే తీయమనండి. కెమెరాలో తేదీ, టైము సరిగ్గా పెట్టి ఉంటే ప్రతి ఫైలులోనూ అది ఎలాగూ నమోదవుతుంది. వెనక తేదీ వేసి ఇమ్మంటే చాలా స్టూడియోల్లో వేసిస్తారు. లేదంటే మాస్టారే చూసి రాసుకుంటారు, ఆయనకి అలవాటేగా. ఆ చేతిరాత ముందు మెషీన్ అంకెలు ఏపాటివి.

సూర్యలంక_గాలి
బుధవారం, రాత్రి 8:48

తేల్చేశాను! కోఠి గారి గల్లీకే వెళ్లి ఏ590 ఐఎస్ కొన్నాను. ఆయన చెప్పినవన్నీ వరసపెట్టి చూశాను, షాపు అబ్బాయి 'మీరు కెమెరా మెకానిక్కా మేడమ్' అని అడిగాడు. మొదట చూపించినదానికి సెల్స్ మూత కొక్కెం విరిగి ఉంది, వదిలేశాను. రెండోది బాగుంది. పిన్నిది అడిగి తీసుకోవచ్చు కానీ దాని స్క్రీన్‌లో గీతలు వస్తున్నాయి.

బడ్జెట్‌లో చాలా మిగిలింది. ఆ డబ్బుతో ఎనెలూప్ సెల్స్, ఛార్జర్, 200 ఫోటోలు పట్టే ఆల్బమ్ రెండు, ఫోన్‌కీ టీవీకీ పెట్టుకునే కార్డ్ రీడర్ ఒకటి తీసుకున్నాను. బాపట్ల స్టూడియోలో ప్రింట్లకి కొంత ముందే కట్టేస్తానని మాట్లాడాను, నాన్న వెళ్లి కార్డు ఇస్తే చాలు. యాషికా నెగెటివ్‌లు డబ్బా నిండా ఉన్నాయి, అవి స్కాన్ చేయించడానికి తమ్ముడు పెట్టుకుంటానన్నాడు.

ఆఖరి సందేహం. కార్డు 64 జీబీ తీసుకోనా, 128 ఆ?

కోఠి_కెమెరా
బుధవారం, రాత్రి 9:10

రెండూ వద్దు అక్కా. ఆ కెమెరా ఎస్‌డీహెచ్‌సీ దాకానే, అంటే 32 జీబీ మించకూడదు. 64 నుంచి ఎస్‌డీఎక్స్‌సీ అంటారు, ఫార్మాటింగ్ పద్ధతి వేరు, పాత కెమెరాలూ పాత టీవీలూ చాలావరకు దాన్ని చదవవు. ఆయనకి 8 జీబీయే ఎక్కువ. 8 మెగాపిక్సెళ్ల ఫోటో 3, 4 ఎంబీ ఉంటుంది, అంటే రెండు వేలకి పైనే పడతాయి. నిజానికి చిన్న కార్డులు రెండు కొనండి. ఒకటి స్టూడియోలో ఉన్నప్పుడు రెండోది కెమెరాలో ఉంటుంది. మంచి కంపెనీది, బిల్లుతో కొనండి. పేవ్‌మెంట్ మీద అమ్మేవాటిలో పైన ఒక అంకె, లోపల ఒక అంకె ఉంటుంది. నిండే దాకా తెలియదు, నిండాక పాత ఫోటోలు మాయమవుతాయి.

క్లిక్_రాజా
బుధవారం, రాత్రి 9:25

సరే, ఒప్పుకోను గానీ అభినందనలు. 😄 డబ్బా మాత్రం మంచిది చూసి ప్యాక్ చేయించండి.

తెనాలి_స్టూడియో
బుధవారం, రాత్రి 9:50

సంతోషం అమ్మా. మా స్టూడియోవాళ్ల తరఫున ఒక రహస్యం చెప్తాను, తోటివాళ్లు తిట్టుకున్నా సరే. మా కంప్యూటర్లలో రోజూ పదిమంది పెన్‌డ్రైవ్‌లు పెడతారు, వైరస్‌లకి కొదవ లేదు. ఫోటోలన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయిన కార్డులు వారానికి ఒకటైనా చూస్తాను. ఎస్‌డీ కార్డుకి ఎడమ పక్కన చిన్న మీట ఉంటుంది. స్టూడియోలో ఇచ్చే ముందు దాన్ని కిందికి జరిపితే లాక్ అవుతుంది. అప్పుడు ఫోటోలు చదవగలం గానీ కార్డు మీద ఏమీ రాయలేం, చెరపలేం. ఇంటికొచ్చాక మళ్లీ పైకి జరపాలి. లేకపోతే ఫోటో తీయబోతే కార్డు లాక్ అయిందని కెమెరా మొరాయిస్తుంది, మాస్టారు పాడైందనుకుని కంగారు పడతారు. మీరు ఊరెళ్లినప్పుడు ఆ ఒక్కటి చేయించి చూపించండి.